మేడను జరిపిన హలో అమ్మమ్మ

ఆమె పుట్టింది మెట్ల మీద.

మాటవరసకు అంటున్నది కాదు. కలప వర్తకుడి మేడలో పై అంతస్తు నుంచి కింది హాల్లోకి దిగే మెట్లు ముప్పై నాలుగు. యుద్ధ విమానాలు ఊరి మీదికొచ్చిన ఆ మధ్యాహ్నం సైరన్ కూయగానే ఇంటిల్లిపాదీ పొలోమని నేలమాళిగలోకి పరుగెత్తారు. నిండు చూలాలైన వంటమనిషి మాత్రం సగం మెట్లు దిగేసరికి కాళ్లు ఆడక కూలబడిపోయింది. నేలమాళిగ గుమ్మం దాకా వెళ్లిన ఇంటి యజమానురాలు, అందరూ పెద్దమ్మగారని పిలిచే ఆవిడ, వెనక్కి తిరిగి రెండేసి మెట్లు ఎక్కుతూ పైకొచ్చింది.

"మీరెళ్లండమ్మగారూ, నా చావు నేను చస్తాను" అని మూలిగింది వంటమనిషి.

"చావడానికి ఇది టైము కాదు. మాట్లాడకుండా ఊపిరి బిగబట్టు" అని కసిరి, పెద్దమ్మగారు భుజం మీది శాలువా తీసి మెట్టు మీద పరిచింది.

కిటికీ అద్దాలు భళ్లుభళ్లున రాలుతున్నాయి. ఆ గోలలో పసిబిడ్డ ఏడుపు ఎవరికీ వినపడలేదు. విమానాలు వెళ్లిపోయాక మాత్రం వినపడింది. నేలమాళిగలో ఉన్నవాళ్లు మళ్లీ సైరన్ మోగిందనుకుని ఇంకో అరగంట బయటికే రాలేదట.

ఆ గొంతే ఆమెకు జీవితాంతం అన్నం పెట్టింది.

అప్పటికి ఆ మేడకు ఇరవై ఏడేళ్లు. ఓడల మీద వచ్చిన దుంగల్లో మేలైనవన్నీ తనకోసం పక్కన పెట్టించుకుని వర్తకుడు కట్టించిన ఇల్లు అది. రెండు అంతస్తులు, ఇరవై రెండు గదులు, మూరెడు మందం గోడలు. ఒక్కో తలుపు మూయాలంటే భుజం ఆనించాల్సిందే. ఊళ్లో మొట్టమొదటి టెలిఫోను ఆ మెట్ల కిందే పెట్టారు. వర్తకుడు దానిలో మాట్లాడేవాడు కాదు, అరిచేవాడు. "ఈయన కేకకు తీగ ఎందుకు? కిటికీ తీస్తే చాలదా?" అని వీధిలో వాళ్లు నవ్వుకునేవారు.

ఆ నవ్వులన్నీ యుద్ధం ఊడ్చుకుపోయింది. కొడుకులిద్దరూ సైన్యంలోకి వెళ్లి తిరిగి రాలేదు. రెండోవాడి చావు కబురు వచ్చిన వారానికే వర్తకుడు కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. సైన్యం మేడను ఆసుపత్రి చేసుకుంది. హాలు నిండా, వరండాల నిండా మంచాలు. పెద్దమ్మగారు, వంటమనిషి, మెట్ల మీద పుట్టిన పిల్ల ముగ్గురూ వంటింటి వెనక గదిలో సర్దుకున్నారు. పిల్ల నడక నేర్చింది ఆ మంచాల మధ్య సందుల్లోనే. రెండు చేతులూ పోయిన సైనికుడొకడు ఈల వేసి పిలిస్తే తప్పటడుగులు వేసుకుంటూ వెళ్లి అతని పరుపంచు పట్టుకునేదని తల్లి చెప్పేది.

యుద్ధం ముగిసింది. జెండా మారింది. ఇంతమంది వీధిన పడి ఉంటే ఒక్కరికి ఇన్ని గదులెందుకన్నది కొత్త ప్రభుత్వం. ఒక ఉదయం ఒక అధికారి కాగితాల కట్టతో దిగి, గది గదికీ సుద్దముక్కతో నంబర్లు వేసుకుంటూ పోయాడు. కింది హాలు, దాన్నానుకున్న గదులు టెలిఫోన్ ఎక్స్ఛేంజికి. మిగతావి బాంబుల్లో ఇళ్లు పోయినవాళ్లకు.

"ఈవిడకేది సార్?" అన్నాడు వెంట వచ్చినవాడు పెద్దమ్మగారిని చూపించి.

"పన్నెండో నంబరు."

"మరి ఈవిడకు?" ఈసారి వంటమనిషిని చూపించాడు.

"పదమూడు. రెండూ ఒకే కొలత."

మర్నాడు తెల్లారేసరికి పదమూడో నంబరు తలుపు టకటకలాడింది. తీసి చూస్తే పెద్దమ్మగారు. ముక్కు మీద మసి, చేతిలో సగం ఖాళీ అయిన అగ్గిపెట్టె.

"పొయ్యి అంటుకోవడం లేదే" అన్నది మెల్లగా.

"ఎలా అంటుకుంటుందమ్మగారూ? ముప్పై ఏళ్లలో మీ మొహం అదెప్పుడైనా చూసిందా?"

ఒక్క క్షణం ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. తర్వాత నవ్వు ఆగితే ఒట్టు. నవ్వీ నవ్వీ చివరికి ఇద్దరూ కళ్లు తుడుచుకున్నారు. ఆ రోజు నుంచి రెండు గదులకూ పొయ్యి ఒకటే. పెద్దమ్మగారు పిల్లకు చదువు నేర్పింది, వంటమనిషి పెద్దమ్మగారికి వంట నేర్పింది. రెండింట్లో చదువే తొందరగా వంటబట్టింది.

పిల్లకు బడి కంటే మెట్లే ఇష్టం. సాయంత్రం కాగానే వచ్చి మధ్య మెట్టు మీద కూర్చునేది. కింద హాల్లో నిలువెత్తు బోర్డు ముందు ఆరుగురు ఆపరేటర్లు వరసగా కూర్చుని ఉండేవారు. ఎవరైనా ఫోనెత్తితే బోర్డు మీద చిన్న రేకు మూత టక్కున పడేది. ఆపరేటరు తాడు చివరి పుల్ల లాగి ఆ కంతలో గుచ్చి, "నంబరు చెప్పండి" అని, రెండో పుల్ల ఇంకో కంతలో గుచ్చేది. అంతే, ఊరి ఆ చివరి మనిషి ఈ చివరి మనిషితో మాట్లాడేవాడు. పిల్లకది గారడీలా ఉండేది. ఏ కంత ఎవరిదో, ఏ తాడు వదులైందో చూసి చూసి కంఠతా వచ్చేసింది.

పదిహేడో ఏట, ఒక ఆపరేటరు పెళ్లి చేసుకుని వెళ్లిపోతే, ఈమె నేరుగా సూపర్‌వైజరు ముందుకెళ్లి నిలబడింది.

"పని వచ్చా?" అని అడిగాడాయన.

"మూడో తాడు జారిపోతోందండీ, నలభై ఒకటో నంబరు మూత పడటం లేదు, డాక్టరుగారి లైన్లో గరగర. ఇంకా చెప్పమంటారా?"

"వద్దు తల్లీ" అన్నాడాయన. "వెళ్లి కూర్చో."

ఆ కూర్చోవడం కూర్చోవడం ఊరంతటికీ గొంతయిపోయింది. పేరు ఎవరికీ గుర్తులేదు. మొదట హలో పాప, తర్వాత హలో అక్క, ఆపైన హలో పిన్ని, చివరికి హలో అమ్మమ్మ. వరసలు మారాయే తప్ప హలో మాత్రం పోలేదు.

ఆమెకు ఇరవై నాలుగేళ్లప్పుడు ఊరు మళ్లీ భగ్గుమంది. రొట్టె దొరకడం లేదని మొదలైన ఊరేగింపు మధ్యాహ్నానికి తుపాకుల దాకా వెళ్లింది. వీధికి అటు చివర తిరుగుబాటుదారులు, ఇటు చివర సైనికులు, నట్టనడుమ మేడ. ఎక్స్ఛేంజి ఎవరి చేతిలో ఉంటే ఊరు వాళ్లది. మిగతా ఆపరేటర్లకు ఇళ్లు దాటే దారి లేదు. ఆమెకు మాత్రం ఆఫీసుకు రావాలంటే ముప్పై నాలుగు మెట్లు దిగితే చాలు. దిగింది. ఆరుగురి బోర్డు ముందు ఒక్కతే కూర్చుంది.

ముందు తిరుగుబాటుదారులు వచ్చారు. గడ్డం సరిగా మొలవని నాయకుడొకడు తుపాకీ ఊపుతూ, "సైన్యం లైన్లన్నీ పీకెయ్!" అని గర్జించాడు.

"పీకుతాను. మళ్లీ పెట్టడానికి నాలుగు రోజులు పడుతుంది. రేపు మీరే గెలిచి సైన్యంతో మాట్లాడాలనుకుంటే కేకలేసి పిలుస్తారా?"

అతను తుపాకీ దించుకుని వెళ్లిపోయాడు. మర్నాడు హాలు సైనికుల చేతికి వచ్చింది. కెప్టెన్ కూడా అదే మాటన్నాడు. ఆమె కూడా అదే జవాబిచ్చింది. "నిన్న వాళ్లకూ ఇదే చెప్పానండీ" అని కూడా అన్నది. కెప్టెన్‌కు నవ్వాలో కోప్పడాలో తెలియలేదు.

రెండో రోజు పది గంటలకు ఆసుపత్రి లైను చచ్చిపోయింది. గాయపడ్డవాళ్లు ఎక్కడున్నారో చెప్పే దారి మూసుకుపోయిందని ఆమె తల పట్టుకుంటుంటే, వెనక గోడ మీంచి ఎవరో ధబ్బున దూకిన చప్పుడైంది. ఒళ్లంతా దుమ్ము కొట్టుకుని, మెడలో తీగచుట్టతో, మోచేతుల మీద పాకుతూ లోపలికొచ్చాడు లైన్‌మన్.

"ఆసుపత్రి తీగ కదా? స్తంభం దగ్గరే తెగింది. కాసిని మంచినీళ్లివ్వండి, ఎక్కుతాను."

"కాలుస్తున్నారండీ బాబూ!"

"ఎటువైపు నుంచి కాలుస్తున్నారో మీరు చూసి చెప్పండి. నేను స్తంభానికి అవతలి పక్క ఉంటాను."

ఆమె కిటికీ దగ్గర నిలబడింది. అతను స్తంభం ఎక్కాడు. ఆమె గొంతు వీధంతా మారుమోగింది.

"ఎడమ పక్క! ఎడమ పక్క చూసుకోండి!"

"ఏ ఎడమ? మీదా, నాదా?"

"మీదేనయ్యా మహానుభావా!"

తీగ కలిసింది. ఆసుపత్రి మూత టక్కున పడింది. మూడో రోజు ఉదయం తిరుగుబాటు నాయకుడు, కెప్టెన్ ఇద్దరూ విడివిడిగా ఫోన్ చేసి, అవతలివాడు వింటాడా అని అడిగారు. ఆమె ఇద్దరి తాళ్లూ చేతిలోకి తీసుకుని ఒకదానితో ఒకటి కలిపింది. మొదటి పావుగంట తిట్లే. తర్వాత మాటలు. సాయంత్రానికి తుపాకులు ఆగాయి. వాళ్లు ఏమన్నారో చెప్పమని జీవితాంతం ఎంతమంది బతిమాలినా, "ఆపరేటరు చెవిన పడ్డది నోటికి రాకూడదు" అని నవ్వి ఊరుకునేది.

లైన్‌మన్ మాత్రం ఆ నెలంతా ఏ తీగా తెగకపోయినా మేడకు వస్తూనే ఉన్నాడు. చివరికి పెద్దమ్మగారే, "అబ్బాయ్, రోజూ గోడ దూకడమెందుకు, గుమ్మంలోంచి రారాదూ?" అన్నది. ఆ ఏడాదే పెళ్లయింది. ఆయన ఆమెను ఆపరేటరమ్మా అనేవాడు, ఆమె ఆయన్ను లైన్‌మన్‌గారూ అనేది. పిల్లలు పుట్టినా, జుట్టు నెరిసినా అవే పిలుపులు.

ఏళ్లు దొర్లాయి. మనిషి అక్కర్లేని కొత్త యంత్రం రావడంతో బోర్డును తీసేశారు. ఎక్స్ఛేంజి ఇంకో వీధిలోని కొత్త భవనానికి పోయింది. ఆమె అక్కడే విచారణ బల్ల దగ్గర రిటైరయ్యే దాకా పనిచేసింది. ఎవరి నంబరైనా, ఏ వ్యాపారమైనా అడిగిన మరుక్షణం చెప్పేది. తల్లి పోయింది. ఆ తర్వాత రెండేళ్లకు పెద్దమ్మగారు, పన్నెండో నంబరు గదిలో, ఈమె ఒళ్లో తల పెట్టుకుని పోయింది. కాపురాలు వచ్చాయి, వెళ్లాయి. చివరికి మేడలో మిగిలినవి ఏడు కాపురాలు. హాల్లో టైలరు మిషన్లు పెట్టుకున్నాడు. ఐదో నంబర్లో ప్లీడరు గుమాస్తా ఒక పెద్ద బల్ల, దాని నిండా కాగితాలతో స్థిరపడ్డాడు. పెచ్చులూడినా, కప్పు కారినా మేడ నిలబడే ఉంది.

అప్పుడొచ్చింది రోడ్డు.

ఆమెకు డెబ్భై ఒకటి, మేడకు తొంభై ఎనిమిది. ఒక ఉదయం రోడ్ల ఇంజనీరు మనుషులతో వచ్చి, ముందు వరండా స్తంభాల మీదుగా, హాలు మధ్యలోంచి ఎర్రరంగు గీత గీయించాడు. ఆ గీతకు ఇవతలిదంతా రోడ్డు. సగం మేడ కొట్టేస్తే మిగతా సగం నిలవదు కనుక మొత్తం కొట్టేస్తారు. ఆరు నెలలు గడువు.

ఆ సాయంత్రం మెట్ల దగ్గర ఏడు కాపురాలూ చేరాయి. గుమాస్తా గొంతు సవరించుకున్నాడు. "ప్రభుత్వంతో పోరు కొండను ఢీకొన్నట్టే. ఇచ్చింది పుచ్చుకుని తలో దారీ చూసుకుందాం."

"దారి సరే. తల పెట్టుకునే చోటేదీ?" అన్నాడు టైలరు.

 హలో అమ్మమ్మ బుర్రలో ఎక్కడో పాత మూత ఒకటి టక్కున పడింది. విచారణ బల్ల దగ్గరున్నప్పుడు పల్లపు పేటలవాళ్లు వానాకాలం ముందు పదేపదే ఒకే నంబరు అడిగేవారు. ఇళ్లను జాకీల మీద ఎత్తి పునాది పెంచే మేస్త్రీ నంబరు. అది ఇంకా ఆమె నాలుక మీదే ఉంది.

"ఎత్తగలిగినవాడు పక్కకు జరపలేడా?" అన్నది పైకి.

అందరూ ఆమె వంక వింతగా చూశారు. లైన్‌మన్ ఒక్కడే, "అడిగితే పోయేదేముంది?" అన్నాడు.

మూడో రోజుకు జాకీల మేస్త్రీ వచ్చాడు. పొట్టి మనిషి, చేతులు మాత్రం పొడుగు. ఎవరితోనూ మాట్లాడకుండా మేడ చుట్టూ మూడుసార్లు తిరిగాడు. గోడకు చెవి ఆనించి పిడికిలితో తట్టాడు. వెనక తోటలో అడుగులు కొలిచాడు. చివరికి వచ్చి మెట్టు మీద కూర్చుని ఒకే మాటన్నాడు.

"కదులుద్ది."

ఇంజనీరు దగ్గరకు ఆమే వెళ్లింది. ఆయన విని కుర్చీలోంచి లేచాడు. "ఇల్లు జరపడమా? ఇదేమన్నా బీరువానా అమ్మా?"

"మీకు కావలసింది స్థలమా బాబూ, మేడ పడిపోవడమా?"

"స్థలమే."

"అయితే స్థలం మీరు తీసుకోండి. మేడను మేం తీసుకుపోతాం. కొట్టడానికి పెట్టే ఖర్చు జరపడానికి పెట్టండి చాలు."

 ఇంజనీరు కళ్లలో చిన్నపిల్లాడి మెరుపు మెరిసింది. జీవితమంతా రోడ్లు వేసినవాడికి ఇల్లు నడవడం చూసే అదృష్టం ఎప్పుడొస్తుంది? సంతకం పెట్టేశాడు.

పని నాలుగు నెలలు సాగింది. వెనక తోటలో అరవై అడుగుల దూరాన కొత్త పునాది లేచింది. అక్కడి దాకా ఇనప పట్టాలు పరిచారు. మేడ గోడల కింద ఒక్కో చోటే తవ్వుతూ, ఇనప దూలాలు దూర్చి, వాటి కింద జాకీలు పెట్టారు. ఒకటా రెండా, మూడు వందల పన్నెండు. ఊరు ఊరంతా చూడటానికి వచ్చేది. "ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు గానీ, ఇల్లు జరిపి చూడు అన్నవాడు లేడు" అని వచ్చినవాళ్లందరితో టైలరు అంటుండేవాడు. గుమాస్తా మాత్రం, "నలిగి చావడానికి నేను రాను" అని బల్లనూ కాగితాలనూ గదిలోనే వదిలేసి చెల్లెలింటికి వెళ్లిపోయాడు.

ఎత్తే రోజు వచ్చింది. ఉదయం ఎనిమిదికి మేస్త్రీ ముందు నిలబడి ఈల ఊదాడు. ఒక్కో ఈలకు ప్రతి జాకీ కడ్డీనీ పావు చుట్టు తిప్పాలి, అందరూ ఒకేసారి. మొదటి ఈల, రెండో ఈల. మూడో ఈలకు మేడ మూలిగింది. నాలుగో ఈలకు మెట్ల పక్క గోడలో చిటుక్కున పగులు పాకింది.

"ఆపండ్రా!" అని మేస్త్రీ అరిచాడు. పరుగున వెనక్కి వెళ్లి చూస్తే వెనక వరస ఇంకా రెండో ఈల దగ్గరే ఉంది. మూరెడు గోడలు, మధ్యలో ఇరవై రెండు గదులు, ముందు రోడ్డు మీద లారీల రొద; ఈల వాళ్లకు చేరడమే లేదు. మేస్త్రీ తల పట్టుకుని నేల మీద కూలబడ్డాడు. "ముందొకటి, వెనకొకటి తిరిగితే రెండు ముక్కలవుద్దమ్మా. నావల్ల కాదు."

హలో అమ్మమ్మ భర్త వైపు తిరిగింది. "లైన్‌మన్‌గారూ, మీ అటక మీద పాత ఫోన్లు ఎన్నున్నాయి?"

ఆయన జీవితంలో పారేసిన వస్తువంటూ లేదు. "పదకొండు. ఎనిమిది పలుకుతాయి" అన్నాడు వెంటనే.

మధ్యాహ్నానికి మేడ చుట్టూ ఎనిమిది చోట్ల ఎనిమిది ఫోన్లు, ఒక్కోదాని దగ్గర విన్న మాటను పక్క జాకీలవాళ్లకు అందించే ఒక్కో మనిషి. ఎనిమిది తీగలూ వచ్చి చేరింది మెట్ల కింద ఆమె ముందున్న చెక్కపెట్టెలో. "బయట కూర్చోకూడదా ఆపరేటరమ్మా?" అని ఆయన గొణిగాడు. "ఎనిమిదింటికీ ఇదే నడిమధ్య. మీరు పక్కకు జరగండి, వెలుతురుకు అడ్డం" అన్నదామె.

చెవికి ఫోను తగిలించుకుని గొంతు విప్పింది.

"ఒకటి?"

"సిద్ధం."

"రెండు?"

"సిద్ధం."

ఎనిమిది దాకా అడిగి, ఒక్క గుక్క ఊపిరి తీసుకుంది. "పావు చుట్టు... తిప్పు!"

మూడు వందల పన్నెండు జాకీలు ఒక్కటిగా కదిలాయి. ఆమె కాళ్ల కింద నేల మెత్తగా, సున్నితంగా పైకి లేచింది. బయట ఎవరో, "లేచింది! మేడ లేచిందిరోయ్!" అని కేక పెట్టారు. సాయంత్రానికి మేడ జానెడు ఎత్తున గాలిలో నిలబడింది. పగులు వెంట్రుకవాసి కూడా పెరగలేదు.

మర్నాటి నుంచి నడక. పట్టాల మీద దొర్లే ఇనప కడ్డీలు, వాటి మీద మేడ, వెనక నుంచి నెట్టే జాకీలు. రోజుకు ఆరేడు అడుగులు. ఆమె గొంతు తప్ప ఇంకే చప్పుడూ ఉండకూడదని మేస్త్రీ ఆజ్ఞ. లారీలవాళ్లు కూడా మేడ దగ్గరకు రాగానే హారన్ ఆపేసేవారు. ఇంజనీరు ఆఫీసు మానేసి వచ్చి, పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒక ఇటుక మీద కూర్చుని చూసేవాడు.

ఆరో రోజు, పదకొండింటికి, ఐదో ఫోన్లో మనిషి గొంతు వణికింది.

"అమ్మమ్మా, ఇక్కడ పట్టా దిగుతోంది!"

"ఎంత?"

"వేలెడు. ఇంకా... ఇంకా దిగుతోంది!"

 ఆమె గొంతు మాత్రం తొణకలేదు. "అందరూ ఆపండి. ఎవరూ కడ్డీ మీద చెయ్యి వేయొద్దు. ఐదూ, నువ్వు నాతో మాట్లాడుతూనే ఉండు." అంతలో తల్లి చెప్పిన మాటొకటి మెరుపులా తోచింది. ఆసుపత్రి రోజుల్లో సైన్యం వాళ్లు తోటలో ఒక పెద్ద చెత్తగుంట తవ్వి, వెళ్లేటప్పుడు పైపైన మట్టి కప్పి పోయారు. సరిగ్గా ఆ మూలే.

"మేస్త్రీగారూ, అక్కడ కింద గుంట ఉంది! మట్టి గుల్ల!"

మేస్త్రీ పరుగున వెళ్లి పట్టా కింద చూశాడు. "కలప కావాలి. మందమైంది, గట్టిది, ఇప్పుడే. అడ్డంగా, నిలువుగా పేర్చి పట్టా కింద దూర్చాలి."

రోడ్డు పనివాళ్ల దుంగలు రావాలంటే రెండు గంటలు. ఇంజనీరు జీపులో ఎగిరి కూర్చుని వాటికోసం పరుగెత్తాడు. ఇక్కడ అంత వ్యవధి లేదు. టైలరు ముందుగా కదిలాడు. బట్టలు కత్తిరించే బల్లను ఒక్క తోపుతో బోర్లించి, "పట్టండ్రా!" అన్నాడు. అది సరిపోలేదు. అప్పుడందరి కళ్లూ ఒకేసారి తలుపుల మీద పడ్డాయి. భుజం ఆనిస్తే గాని కదలని తలుపులు! లైన్‌మన్ బందుల మేకులు పీకుతుంటే, వీధిలోవాళ్లు నలుగురేసి ఒక్కో తలుపునూ మోసుకుపోయారు. పదమూడో నంబరు తలుపు, పన్నెండో నంబరు తలుపు, ఒకదాని మీద ఒకటి. ఎవరు ఎవరో చూసుకోవడం లేదు, చేతికి అందినదాన్ని అందించుకుపోతున్నారు.

"ఐదూ?"

"మూడు వేళ్లు దిగింది అమ్మమ్మా. మెల్లగా దిగుతోంది."

అప్పుడు గుంపును చీల్చుకుంటూ ఎవరో వచ్చారు. ప్లీడరు గుమాస్తా. చెల్లెలింట్లో ఉండలేక రోజూ వీధి మలుపులో నిలబడి చూస్తున్నాడట. వచ్చినవాడు వచ్చినట్టే ఐదో నంబర్లోకి దూరి, బల్ల మీది కాగితాలన్నీ నేల మీదికి ఊడ్చేసి, "నా బల్ల తీసుకోండయ్యా! నాలుగు అంగుళాల చెక్క! చూస్తారేం?" అని కేకలేశాడు.

బల్ల వెళ్లింది. మేస్త్రీ తనే గుంటలోకి దిగి, పడుకుని, భుజంతో నెట్టి దాన్ని దూర్చాడు.

మెట్ల కింద హలో అమ్మమ్మ కళ్లు మూసుకుంది. "ఐదూ?"

ఫోనును చెవికి ఇంకా గట్టిగా అదుముకుంది.

"ఐదూ!"

"ఆగింది" అన్నాడతను. ఆపైన అతని ఏడుపూ నవ్వూ కలిసిపోయాయి. "ఆగింది అమ్మమ్మా, ఆగిపోయింది!"

ఇంజనీరు దుంగల లారీతో వచ్చేసరికి వీధి వీధంతా తలుపుల పక్కన కూర్చుని టీ తాగుతోంది. గుమాస్తాకు రెండు గ్లాసులిచ్చారు.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం మూడింటికి మేడ కొత్త పునాది మీద దిగింది. ఆఖరి పావు చుట్టు తిప్పమన్నప్పుడు ఆమె గొంతు బొంగురుపోయి గుసగుసలా వచ్చింది. అయినా ఎనిమిది మూలలకూ వినపడింది. మేస్త్రీ రసమట్టం పెట్టి చూసి, బుడగ మధ్యలో నిలవగానే టోపీ తీసి గాల్లోకి విసిరాడు. అది వెళ్లి కప్పు మీద పడింది. ఇప్పటికీ అక్కడే ఉంది.

ఆ రాత్రి తలుపుల్లేని మేడలో అందరూ ఒళ్లెరగకుండా నిద్రపోయారు. తెల్లారాక హలో అమ్మమ్మ లేచి, అలవాటుగా వెనక కిటికీ తెరిచింది. తోట లేదు. చేయి చాపితే అందేంత దూరంలో ఇంకెవరిదో వంటిల్లు. పొయ్యి మీద నీళ్లు మరుగుతున్నాయి. గరిటె పట్టుకున్న ఒకావిడ నోరు తెరుచుకుని తననే చూస్తోంది. ఆరు నెలలుగా ఊళ్లో లేదట, కిందటి రాత్రి చీకట్లోనే వచ్చిందట.

"ఎవరండీ మీరు?" అన్నది ఆవిడ ఎలాగో గొంతు పెగల్చుకుని. "ఇక్కడ... ఇక్కడ ఇల్లు లేదు కదండీ!"

హలో అమ్మమ్మ కిటికీ చువ్వలు పట్టుకుని, బొంగురు గొంతుతోనే మర్యాదగా చెప్పింది.

"లేదండీ. మేం నిన్ననే వచ్చాం. కాసిని వేడినీళ్లుంటే ఇస్తారా? గొంతు పోయింది."